పాత ఎండతో బొహీమియన్ తోట

పక్కన పద్నాలుగు అంతస్తుల భవనం లేచి, దాని యజమానులు ఆ వీధి ఎండ మొత్తాన్ని తమ పేర రిజిస్టర్ చేయించుకున్నాక, పటమటలోని మిగతా ఇల్లాళ్ళలాగే కాత్యాయని కూడా పాత ఎండ కొనుక్కుని బాల్కనీలో తోట వెయ్యాలని నిశ్చయించుకుంది. బెజవాడలో ఎండ కొనుక్కోవడమేమిటే అని పై ఊళ్ళ చుట్టాలు ఫోన్లో పగలబడి నవ్వారు. వాళ్ళకేం, నవ్వుతారు. వాళ్ళ ఊళ్ళలో ఎండకి ఇంకా సర్వే జరగలేదు.

తోట పాప కోసం. అపార్ట్‌మెంటు కింద ఆడుకునే జాగా అంతా కార్లకి పోయింది కాబట్టి, మూడో అంతస్తు బాల్కనీలోనైనా తన ఎనిమిదేళ్ళ హరిణి పూల మధ్య ఉయ్యాల ఊగాలి. అదీ కాత్యాయని పట్టు. ఖర్చు లేకుండా ఎలాగా అని తల బద్దలుకొట్టుకుంటుంటే ఫోన్లో ఒక వీడియో కనబడింది. బొహీమియన్ స్టైలట. అందులో ఏదీ దేనికీ జత కుదరకూడదట, ఏదీ కొన్నట్టు కనిపించకూడదట. ఆ మాట వినగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. జత కుదరని సామాను విషయంలో ఆ ఇంటిని కొట్టినవాళ్ళు లేరు.

చిల్లిపడ్డ కెటిల్లో పుదీనా వేసింది. స్కూటరు టైరులో బంతి నాటింది. భర్త ఫణీంద్ర పెళ్ళినాటి సూట్‌కేసులో గులాబీ పెట్టింది. గోనె తాళ్ళు అల్లి డాల్డా డబ్బాలు వేలాడదీసింది, చిరిగిన వెంకటగిరి చీరని తెరగా కట్టింది. వేళ్ళు బొబ్బలెక్కాయి గాని కాళ్ళు మాత్రం నేల మీద ఆనడం లేదు.

"ఏవండీ, చూశారా! ఒక్కటంటే ఒక్కటి మ్యాచింగ్ లేదు!"

ఫణీంద్ర తన సూట్‌కేసు వంక కాసేపు చూసి, "బ్రహ్మాండం" అన్నాడు.

ఇక ఎండ ఒక్కటే తరువాయి. అది అబ్బులు తోపుడుబండి మీద తెచ్చేవాడు. పాత ఇనుముతో, పాత పేపర్లతో పాటు పాత ఎండల్ని దుప్పట్లలో మూటగట్టి, అడిగినవాళ్ళకి కుంచంతో కొలిచి పోసేవాడు.

"ఇదెక్కడిది అబ్బులూ?"

"కంకిపాడులో డాబా మీద వడియాలారబెట్టిన ఎండమ్మా. ఒక్క చెయ్యే మారింది. ఇంకా వాసన కూడా పోలేదు, చూడండి."

నిజమే, పోలేదు. రెండు రోజుల్లో పుదీనాకి ఇంగువ వాసన పట్టింది. కోర్టు వరండాలో పడ్డ ఎండ చవగ్గా వచ్చిందని మల్లెకి పోస్తే, అది మొగ్గ తొడిగి, విచ్చుకోవడం మటుకు సోమవారానికి వాయిదా వేసింది. సోమవారం రాగానే మళ్ళీ వేసింది. బస్టాండు ఎండ తాగిన మనీప్లాంటు ఆకులన్నీ ఒకే పక్కకి మెడలు చాచి ఎదురుచూశాయి. క్రికెట్ మైదానం ఎండ పోసిన కాకరతీగ అయితే రెయిలింగు దూకి పక్కింట్లో పడింది. ఎంత ముచ్చటగా ఉందో! పక్కింటావిడ కూడా కాకరకాయలు వస్తాయన్న ఆశతో ఏమీ అనలేదు.

కాకరకాయలు రాలేదు. అసలు ఎక్కడా ఒక్క పువ్వు విచ్చుకోలేదు. ఆకులు మాత్రం గుబురుగా, గంభీరంగా పెరిగాయి. హరిణి ఉయ్యాలెక్కి నాలుగుసార్లు ఊగి, "అమ్మా, పూలేవీ?" అని దిగిపోయింది. కాత్యాయనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఒకసారి వాడేసిన ఎండకి ఆకులే వత్తాయమ్మా" అన్నాడు అబ్బులు. "పువ్వుకి కొత్తెండ కావాల. అది మాకాడ ఉండదు, ఆఫీసుకెళ్ళాల."

మర్నాడే ఎండల కార్యాలయానికి పరుగెత్తింది. అక్కడ గుమస్తా, పుట్టుకతోనే మనిషికింతని జమయ్యే ఎండ లెక్కల్లోంచి కాత్యాయని ఖాతా తీసి పెదవి విరిచాడు. ఆవిడ ఎండ కాలేజీ బస్సుల కోసం నిలబడ్డంలోనే సగం, గ్యాసు క్యూల్లో మిగతా సగం ఖర్చయిపోయింది. ఫణీంద్రది మోటారుసైకిలు మీద ఎప్పుడో ఆవిరైంది.

"పిల్లలున్నారా?"

"ఒక పాపండి. ఎనిమిదేళ్ళు."

గుమస్తా ముఖం చేటంత అయింది. "ఆ మాట ముందే చెప్పరేం తల్లీ! బాల్యం ఎండ మొత్తం అలాగే ఉంది. సీలు కూడా తీసినట్టు లేదు."

"మాకిచ్చేస్తే మళ్ళీ పాపకి రాదాండీ?"

"ఏ వయసు ఎండ ఆ వయసుకేనమ్మా. వాడకపోతే మురిగిపోతుంది. రోజూ ఏ మాత్రం ఆడుతుంది ఎండలో?"

కాత్యాయని ఆలోచించింది. స్కూలు బస్సు, స్కూలు, ట్యూషను, అబాకస్, హోంవర్కు.

"ఆదివారాలు... ఎప్పుడైనా" అంది.

"అదీ సంగతి. ట్యాబుందా పాపకి?"

"ఉందండి."

గుమస్తా 'ప్రత్యామ్నాయ వెలుగు కలదు' అని రాసి, ముద్ర వేసి, తల్లీతండ్రీ సంతకాలకి చోటు చూపించాడు.

"ఎండలో తిరక్కే, నల్లబడతావని రోజూ అరుస్తూనే ఉన్నాంగా" అంటూ సాయంత్రం ఇంట్లో ఫణీంద్ర సంతకం పెట్టాడు. హరిణిని కూడా అడిగారు. అడక్కుండా చేసే మనుషులు కారు. ట్యాబు ఎంతసేపు చూడొచ్చని అది అడిగింది. ఎంతసేపైనా అన్నారు. అయితే సరేనంది.

కొత్త ఎండ సీలు వేసిన స్టీలు క్యానుల్లో వచ్చింది. మూత తియ్యగానే బాల్కనీ భగ్గుమంది! మల్లె వాయిదాలన్నీ రద్దు చేసుకుని ఒక్కసారిగా విచ్చుకుంది. బంతి టైరులో పట్టక పొంగింది. గులాబీ సూట్‌కేసు మూతని ఎత్తి అవతలికి తోసేసింది. కాత్యాయని ఆనందం పట్టలేక చప్పట్లు కొడుతూ ఇల్లంతా తిరిగింది. అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు, వెళుతూ వెళుతూ ఆఫీసు వేళలు అడిగారు. నెల తిరక్కుండా ప్రతి బాల్కనీ విరగబూసింది. ప్రతి హాల్లోనూ పిల్లలు తలుపులేసుకుని, ట్యాబు వెలుగులో బుద్ధిగా కూర్చున్నారు. ఇంత నెమ్మదైన పిల్లల్ని ఆ వీధి ఎన్నడూ ఎరగదు.

ఒక ఆదివారం కాత్యాయని హరిణికి కొత్త గౌను తొడిగి ఉయ్యాలలో కూర్చోబెట్టింది. పాప చిట్లించిన కళ్ళతో పూలని చూసింది.

"ఇంక లోపలికెళ్ళనా అమ్మా?"

"ఒక్క ఫొటో బంగారం. కాస్త ఇటు జరుగు, బంతి మీద నీ నీడ పడుతుంది."

పాప జరిగింది. జరగాల్సిన అవసరం లేకపోయింది. కెటిలు నీడ, గోనె తాళ్ళ నీడ, చిరిగిన చీర పోగుల నీడ కూడా గచ్చు మీద స్పష్టంగా ఉన్నాయి. పాపది ఎక్కడా లేదు. పువ్వుల మీద ఒక్క మరక లేకుండా ఫొటో ఎంత శుభ్రంగా వచ్చిందో చూసుకుని కాత్యాయని మురిసిపోయింది.

"చాల్లే, ఇంక లోపలికి పద తల్లీ" అంది, ముద్దుగా బుగ్గ గిల్లి. "అది మొక్కల ఎండ."