శేషతల్పం మీద పడుకునేదెవరు?

మధ్యాహ్నం భోంచేశాక దుకాణంలో కాసేపు కన్ను మూయడం తప్పా, మీరే చెప్పండి. దేవుడికే పవళింపు సేవ ఉంది కదా!

మట్టెవాడలో మా ఇంటి ముందు గదే దుకాణం. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు అమ్ముతాం. సరిగ్గా నా రెప్ప వాలే వేళకు ఎవరో ఒకరు వచ్చి, "పర్శరాములు సేటూ, పడకకు ఏసేటియి ఏడున్నయే?" అంటారు. లేచి చూపించి మళ్లీ ఒరుగుతానో లేదో, ఇంకొకరు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, పెళ్లిళ్ల ముందర నాకొక ఉపాయం తట్టింది. అర అరకూ ఒక బోర్డు పెడితే ఎవరిది వాళ్లే వెతుక్కుంటారు. ఎలాగూ రాయిస్తున్నాం, నాలుగు పుణ్యమైన పేర్లయితే దుకాణానికీ గౌరవం. పెయింటర్ ఎల్లస్వామి పసుపు రేకుల మీద ఎర్రగా రాసిచ్చాడు. పడక జంపఖానాలకు 'శేషతల్పం'. బంతి భోజనాల్లో పరిచే పొడుగు పట్టీలకు 'అన్నపూర్ణ'. పెళ్లి పందిట్లో పరిచే పెద్దవాటికి 'సీతారామ కల్యాణం'.

మా ఆవిడ చిలుకమ్మ చూసింది. పేరుకే చిలుక. నేనన్న మాట ఒక్కనాడూ తిరిగి పలికింది లేదు.

"గిదేంది? దుకాణమా, దేవునర్రనా?"

"నీకు తెల్వది. పేర్ల బలముంటది."

"బలం సరే, ఎవలకన్న సమజైతదా? రేపు నువ్వు నోరిప్పకు. మొదాలొచ్చిన ముగ్గుర్ల ఒక్కలన్న సక్కగ దొరకబట్టుకొని కొనుక్కపోతె, పగటి నిద్ర నీది. లేకుంటె గల్లా నాది."

గల్లాపెట్టె ముందరి మెత్త మా నాయన కూర్చున్నది. ఫ్యాను గాలి సరిగ్గా దాని మీదికే వస్తుంది. అది పోతే నేను రోజంతా నిలబడి కట్టలు విప్పాలి. అయినా సరే అన్నాను. నా భజన మిత్రుడు యాకయ్యను మూడోవాడిగా రమ్మని రహస్యంగా చెప్పుకున్నాను మరి.

మరునాడు మొదట నర్సంపేట నుంచి మొగిలయ్య అనే రైతు వచ్చాడు. బోర్డులు చదివి, చెప్పులు విడిచి, 'అన్నపూర్ణ' కింద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవడు.

"ఏం గావాలె పెద్దయ్యా?" అంది చిలుకమ్మ.

"పట్టీలకొచ్చిన బిడ్డా. ముందుగాల ఇంత తిని సూస్త. అన్నం ఎప్పుడు పెడ్తరు?"

ఆమె నిజంగానే పెట్టింది. ఆయన తిని, మమ్మల్ని దీవించి, పట్టీల సంగతే మరిచి వెళ్లిపోయాడు.

తర్వాత సమ్మమ్మ. కూతురి పెళ్లికి పెద్ద జంపఖానా కావాలి. నేరుగా 'సీతారామ కల్యాణం' దగ్గరికే వెళ్లింది. నా గుండె పొంగింది. ఆమె జంపఖానా అంచు కళ్లకు అద్దుకొని, "మంచిగున్నది గని దీన్నెట్ల తొక్కుతరక్కా? పందిట్లకు ఊరంత చెప్పులేసుకొనొస్తది. మీ దుకాణమంటె మాత్రం నాకు శానా గౌరవం" అని పక్క దుకాణానికి పోయింది.

గౌరవానికి నూటికి నూరు. బేరానికి సున్న.

ఇక యాకయ్య. చెప్పినట్టే ఎటూ చూడకుండా 'శేషతల్పం' దగ్గరికి నడిచి, ఒక జంపఖానా తీసి, నెత్తిన పెట్టుకొని గల్లా దగ్గరికి తెచ్చాడు.

"అన్నా, మెత్తగున్నదో లేదో జర పండుకొని సూడరాదు?" అంది చిలుకమ్మ.

యాకయ్య లెంపలు వేసుకున్నాడు. "రామ రామ! స్వామి పక్క మీద నేనా? పర్శరాములు నన్ను తెమ్మన్నడంతే చెల్లే, పండుకొమ్మని చెప్పలే!"

చిలుకమ్మ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

ఆ సాయంత్రమే గల్లా ముందరి మెత్త చిలుకమ్మదైంది. బోర్డులు దించి అటక మీద పడేద్దామంటే నాకు చేతులు రాలేదు. దేవుడి పేరు మూలన పడేస్తే పాపం కదా.

"పడేసుడెందుకు, ఇటు తే" అని వాటిని తన వెనక గోడకు కొట్టించింది. అరల మీద అట్టముక్కలు అంటించింది: 'పండుకునేటియి', 'బంతిల పరిచేటియి', 'పందిట్ల ఏసేటియి'. జనం ఎవరిది వాళ్లు తీసుకొని, గల్లా దగ్గర గోడకు దండం పెట్టి మరీ పోతున్నారు.

పొద్దున దీపం పెట్టగానే నేనూ అటు తిరిగి దండం పెడతాను. పెట్టేది స్వామికే. దీవించేది మాత్రం చిలుకమ్మ.