ఆవకాయ జాడీకి బిగుతు మూత

ఆదివారం ఉదయం కార్యక్రమం చాలా చిన్నది. ఆవకాయ పెట్టి మూడో రోజు కదా, జాడీ మూత తీయాలి, అడుగు నుంచి పైకి తిరగ కలపాలి, ఉప్పు చూడాలి, మళ్ళీ మూత పెట్టాలి. ఇందుకోసమే జ్ఞానప్రసూనాంబగారు చింతలపూడిలో తొలి బస్సెక్కి నూజివీడులో కూతురి ఇంట్లో దిగారు. మూడో రోజు కలపకపోతే సంవత్సరం పచ్చడి బూజు పడుతుందని ఆవిడ భయం. అందులో తప్పేమీ లేదు.

తప్పంతా అల్లుడు ఉదయశంకర్‌ది. ఆయన ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్. ఇరుసుకీ బేరింగుకీ మధ్య ఎంత సందు ఉండాలో పదకొండేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాడు. అంతటివాడు శుక్రవారం సాయంత్రం జాడీని గోడవారకి జరపబోయి, పింగాణీ మూతని నేలమీద వేసి నాలుగు ముక్కలు చేశాడు. ఆ జాడీ అత్తగారికి వాళ్ళ అత్తగారిచ్చింది. "అత్తయ్యగారూ, పగలగొట్టాను" అని ఒక ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. సిగ్గేసింది మహానుభావుడికి! ముక్కలు సంచిలో వేసుకుని, "మూత కాలేజీకి తీసుకెళ్తున్నా, పిల్లలకి కొలతలు నేర్పడానికి" అని భార్య శ్రీరమ్యతో చెప్పి, జాడీ మీద కంచం బోర్లించి, నేరుగా లేత్ మెషిన్ నడిపే ఆరోగ్యం కొట్టుకి వెళ్ళాడు.

ఆరోగ్యం తెల్లటి నైలాన్ దిమ్మ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత వదులు పెట్టమంటారు సార్?"

"వదులేంటయ్యా? జాడీ మూతి ఎంతో మూతా అంతే. గాలి కూడా దూరకూడదు."

"ఎండాకాలం సార్..."

"నాకు చెప్తున్నావా?"

ఆరోగ్యం దిమ్మని మెషిన్‌కి బిగించాడు. మూత అద్దంలా వచ్చింది. కొలతలు ఇరవై డిగ్రీల దగ్గరే చూడాలని పుస్తకంలో ఉందని, శనివారం రాత్రి దాన్ని పడకగదిలో పెట్టి ఏసీ వేశాడు ఉదయశంకర్. శ్రీరమ్య రెండు దుప్పట్లు కప్పుకుంది. తెల్లవారకుండానే చల్లటి మూతని తీసుకెళ్ళి జాడీ మూతిలోకి నొక్కితే, సుతారంగా దిగి కూర్చుంది. ఆయన గర్వం అంతా ఇంతా కాదు.

పదకొండు గంటలకి వంటిల్లు కుంపటిలా ఉంది. జ్ఞానప్రసూనాంబగారు తడి లేని చేతులతో మూత పట్టుకుని లాగారు. రాలేదు. శ్రీరమ్య లాగింది. రాలేదు.

"ఇదేంటే, అసలు మన మూతేదీ?"

"ఆయన కాలేజీకి తీసుకెళ్ళారమ్మా, పాఠం చెప్పడానికి."

"మా అత్తగారి మూత కాలేజీలో పాఠమా!" ఆవిడ మొహం చాటంతైంది. పక్కింటి విజయలక్ష్మిగారిని గోడ మీదుగా పిలిచి మరీ చెప్పారు. ఆవిడ వాళ్ళాయన నారాయణరావుగారికి చెప్పింది. మామిడికాయల వ్యాపారం ఆయనది. "మేస్టారూ, మా పాత కాటా కూడా ఉంది, తీసుకెళ్ళండి, పిల్లలకి పనికొస్తుంది" అంటూ లోపలికొచ్చేశారు. పొగిడినకొద్దీ ఉదయశంకర్‌కి చెవులు మండిపోతున్నాయి. నిజం చెప్పేయాలని నోరు తెరిచాడు, నారాయణరావుగారిని చూసి మూసేశాడు.

మూత వస్తే చాలు, పరువు దక్కుతుందనుకున్నాడు. పిడి పట్టుకుని గట్టిగా లాగాడు. పిడి చేతికొచ్చింది. సీసా మూత బిగుసుకుంటే వేడినీళ్ళు పోస్తారని గుర్తొచ్చి, మరిగిన నీళ్ళు మూత మీద పోశాడు. అది ఇంకా ఉబ్బి కూర్చుంది.

"సుత్తి తెమ్మంటారా?" అన్నారు నారాయణరావుగారు.

"అయ్యో, జాడీ పోతుందండీ!" శ్రీరమ్య జాడీని రెండు చేతులా కావలించుకుంది. "ఏంచేశారండీ మీరు? అది మామూలు మూతేనా?"

ఆఖరికి ఆరోగ్యానికి ఫోన్ చేయక తప్పలేదు. అతను వచ్చి మూత మీద చెయ్యి వేసి చూశాడు. "మీ పుస్తకాలు నేను చదవలేదు సార్. నైలాన్ వేడికి పెరుగుతుంది, పింగాణీ అంతగా పెరగదు. ఐసు పెట్టండి." గిన్నెలో ఐసుముక్కలు పోసి మూత మీద పెట్టారు. అరగంట అందరూ జాడీ చుట్టూ నిలబడ్డారు. ఆ తర్వాత ఆరోగ్యం అంచు కింద చాకు పెట్టి కాస్త ఎత్తాడో లేదో, మూత పైకి లేచింది. ఆవకాయ ఘాటు ఇల్లంతా కమ్మింది. పచ్చడి నిక్షేపంలా ఉంది.

ఉదయశంకర్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే ఆరోగ్యం చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "సార్, ఆ పగిలిన మూత ముక్కలు కొట్లోనే ఉన్నాయి. పారేయమంటారా?"

ఉదయశంకర్‌కి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. తల దించుకుని, "నేనే పగలగొట్టానండీ. చెప్పడానికి మొహం చెల్లలేదు. అబద్ధం చెప్పాను" అన్నాడు. నారాయణరావుగారు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు.

జ్ఞానప్రసూనాంబగారు తెడ్డుతో కలుపుతూనే ఉన్నారు. నవ్వారు. "అది మా అత్తగారి మూత కాదు బాబూ. ఆవిడ మూత నేను కాపురానికొచ్చిన ఏడే పగలగొట్టాను. తిరునాళ్ళలో ఒకటి కొనుక్కొచ్చి పెట్టేశాను. వదులైంది. కనబడకుండా పైన గుడ్డ కట్టాను. ఆవిడ పోయేదాకా కనుక్కోలేదు."

"అమ్మా! ఆ గుడ్డ ఆచారం అన్నావే!" అంది శ్రీరమ్య.

"నలభై రెండేళ్ళు కడితే ఆచారమేగా!" ఆవిడ అల్లుడి వైపు తిరిగారు. "నాకు గజం గుడ్డతో పోయింది బాబూ. మీరు ఇంత చదివి, ఊరందరినీ వంటింట్లోకి తెచ్చారు."

మర్నాటి నుంచి ఉదయశంకర్ క్లాసులో రెండు భాగాల మధ్య ఉండాల్సిన సందు గురించి చెప్పేటప్పుడు, పిల్లల వైపు కాకుండా బోర్డు వైపు తిరిగి చెబుతున్నాడు.