తప్పుల ప్రదర్శనాధికారి

ఆ పట్టణంలో ఆన్‌లైన్ దరఖాస్తు తప్పుగా నింపితే, ఆ తప్పేమిటో ఎర్రటి అక్షరాల్లో దరఖాస్తుదారు నుదుటి మీద పడుతుంది. కంప్యూటర్ తెర మీద పడితే సేవాకేంద్రం గుమాస్తా ఒక్కడికే తెలుస్తుందని, నుదుటి మీదైతే పారదర్శకత ఉంటుందని మొదట్లో ఎవరో పెద్దలు నిర్ణయించారు. తప్పు దిద్దుకున్న నిమిషంలో అక్షరాలు పోతాయి. అంతవరకు సబ్బుతో రుద్దినా, నిమ్మచెక్కతో రుద్దినా పోవు. జనం త్వరగానే అలవాటు పడ్డారు. "పిన్‌కోడ్‌కి ఆరు అంకెలుండాలి" అని పడిన ఒక పెళ్ళికొడుకుకి దాని మీదే బాసికం కట్టి ముహూర్తం దాటకుండా పెళ్ళి చేశారు.

సాలిన దాలమ్మ నుదుటి మీద "వేలిముద్ర చెల్లదు" అని పడి పదకొండు రోజులైంది. ఆమె జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. ఇరవై రెండేళ్ళుగా జీడిసొన తగిలి తగిలి వేళ్ళ మీది గీతలన్నీ కాలిపోయాయి. ఆమె భర్త లోకనాథానికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలని, లేకపోతే నెల దాటడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రిలో మంచం కావాలంటే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులో, రోగికి తోడు వచ్చే మనిషి వేలిముద్ర వేయాలి. లోకనాథానికి తోడు రావడానికి దాలమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ వీధిలో ఆడవాళ్ళందరూ పిక్కలు కొట్టేవాళ్ళే, అందరి నుదుళ్ళ మీదా అదే మాట. కాబట్టి బొట్టు అక్షరాలకి పైన పెట్టుకోవాలా, కింద పెట్టుకోవాలా అన్నదే వాళ్ళ మధ్య చర్చ.

ఇంతలో మంత్రిగారి పర్యటన ఖాయమైంది. వీధుల్లో ఎరుపు మరీ ఎక్కువగా కనిపిస్తోందని అధికారుల సమావేశంలో ఒకరు అన్నారు. వెంటనే తప్పుల ప్రదర్శనాధికారి అనే పోస్టు సృష్టించి, అందులో చక్రధర్ అనే ఇంజనీరుని వేశారు. చక్రధర్ మంచివాడు. ఇలాంటి పోస్టులకి మంచివాళ్ళనే వెతికి మరీ వేస్తారు.

అతను ముందుగా తప్పుల్ని ఒకేచోట పోగేయకుండా, వాటి వాటి స్థానాలకి పంపాడు. చిరునామా తప్పయితే అరికాళ్ళ మీద, వయసు తప్పయితే మోకాళ్ళ మీద, ఇంటిపేరు తప్పయితే వీపు మీద పడేట్టు ఏర్పాటు చేశాడు. కౌంటరు దగ్గర జనం చొక్కాలు విప్పి వెనక్కి తిరిగి నిలబడాల్సి వస్తోందని ఫిర్యాదులు రావడంతో అది మానేశారు. తర్వాత ఫారం పూర్తి చేసేదాకా ఆగకుండా, మనిషి సేవాకేంద్రం గేటు లోపల అడుగు పెట్టగానే తప్పు పడేలా మార్చాడు. చాలామంది గేటు నుంచే ఇంటికి పోయారు. రద్దీ తగ్గిందని దాన్ని రికార్డులో రాసుకున్నారు. ఆ తర్వాత భాష మరీ కటువుగా ఉందని పై నుంచి కబురొచ్చింది. దాంతో దాలమ్మ నుదుటి మీద "తమ అమూల్యమైన వేలిముద్రను దయచేసి మరొక్కసారి సరిచూసుకోగలరని మనవి" అని పడింది. నుదురు చాలక మర్యాద అంతా చెంపల మీదుగా మెడ దాకా దిగింది.

ఆ మెడతోనే ఆమె చక్రధర్ గదికి వెళ్ళి రెండు చేతులూ చాచి చూపించింది. నల్లబడి, పగిలి, నున్నగా అరిగిపోయిన ఆ వేళ్ళని అతను చాలాసేపు చూశాడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. అక్షరాల రంగు కొంచెం తగ్గించమంటావా అని అడిగాడు.

"అచ్చరాలు ఏ రంగులో ఉంటే నాకేటి బాబూ. మా ఆయనకి మంచం ఇప్పించండి" అంది దాలమ్మ.

వేలిముద్ర తప్పనిసరి అని ఫారంలో ఎక్కడో ఒక వరుస ఉందని, దాన్ని తీసేయడానికి అర నిమిషం పడుతుందని, తీయడం తనకి తెలుసని చక్రధర్ దాచకుండా చెప్పాడు.

"కానీ తప్పు ఎలా కనపడాలన్నదే నా పని అమ్మా. ఏది తప్పన్నది వేరే సెక్షన్."

ఆ సెక్షన్‌లో మూడేళ్ళుగా ఎవరూ లేరు. దాలమ్మ అక్కడికీ వెళ్ళి, ప్రింటరు పెట్టి ఉన్న ఖాళీ కుర్చీకి తన సంగతంతా చెప్పుకుని, దణ్ణం పెట్టి వచ్చింది.

పర్యటన రెండు రోజులుందనగా చక్రధర్‌కి ఆఖరి ఉత్తర్వు అందింది. మధ్యాహ్నం మూడున్నరకి అతను ఒక మీట నొక్కాడు. పట్టణంలో అందరి నుదుళ్ళూ ఒక్కసారిగా శుభ్రపడ్డాయి. ఫారం మారలేదు, నియమం మారలేదు, చూపించడం మాత్రమే ఆగింది. జనం అద్దాల ముందుకి పరిగెత్తారు, మిఠాయిలు పంచుకున్నారు. మంచం వచ్చేసిందనుకుని దాలమ్మ రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని సేవాకేంద్రానికి వెళ్ళింది. గుమాస్తా జగ్గారావు కంప్యూటరు చూశాడు. దరఖాస్తు కదల్లేదు. కారణం కోసం ఆమె ముఖం చూశాడు.

"ఏ తప్పూ కనపడ్డం లేదమ్మా. ఉంటే దిద్దుతాను. లేనిదాన్ని ఎలాగ దిద్దమంటావు?"

నిన్నటి దాకా వేలిముద్ర అని ఉండేది కదా అని ఆమె గుర్తుచేసింది. ఇవాళ లేదు కదా అని అతను జవాబిచ్చాడు. దిద్దుబాట్ల కౌంటరుని అప్పటికే మూసేశారు.

మంత్రిగారు వచ్చి, శుభ్రమైన ముఖాల మధ్య నడిచి, ఒక్క తప్పూ లేని పట్టణమని షీల్డు ఇచ్చి వెళ్ళారు. శాలువా కప్పుతుంటే చక్రధర్‌కి సిగ్గేసింది. అయినా కప్పించుకున్నాడు. ఇలాంటి చోట ఎవరికైనా కోపం రావాలి. కానీ కోపగించుకోవడానికి ముఖం మీద ఏదైనా ఆధారం ఉండాలి కదా, ఎవరి దగ్గరా లేదు.

డాక్టరు చెప్పిన నాటి నుంచి ముప్పై రెండో రోజు ఉదయం లోకనాథం పోయాడు. ఒళ్ళంతా నీరు పట్టి, ఆఖరి వారం పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. దినం అయ్యాక దాలమ్మ మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టడానికి వెళ్ళింది. వరుసలో ఉన్నంతసేపూ చీర కొంగుకి బొటనవేలు రుద్దుకుంటూనే ఉంది.

ఆ ఫారంలో వేలిముద్ర తప్పనిసరి కాదు. జగ్గారావు పేరు, ఊరు, తేదీ కొట్టాడు. నిమిషం లోపల కాగితం బయటికొచ్చింది.

"ఒక్కసారికే అయిపోయింది దాలమ్మా" అన్నాడు.

ఆమె నమ్మలేక కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. సర్కారు తన దరఖాస్తుని తిప్పి పంపకపోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. క్షణం పాటు ఆమెకి నిజంగానే సంతోషం వేసింది.

"దండాలు బాబూ. మా ఈదిలో ఆడోళ్ళకి సెప్తాను, ఇదొక్కటీ తొందరగా అయిపోతాదని" అంది.

పదకొండు గంటల లోపు రమ్మను, అప్పుడైతే రద్దీ ఉండదు అన్నాడు జగ్గారావు.