తోక ఉన్న సంతకం

పరదాలు కుట్టి అమ్మే ఆ దుకాణం యజమాని సంతకానికి చివర ఒక తోక ఉంటుంది. తోక ఉంటే చెక్కు చెల్లుతుంది. లేకపోతే సంతకం కలవలేదని బ్యాంకు తిప్పి పంపుతుంది, కొత్త చెక్కు రాసేలోగా వారం గడుస్తుంది. డబ్బు లేక కాదు, ఉన్న డబ్బు చెయ్యి దాటుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఎప్పుడూ తోక ఎగ్గొడుతుంటాడు. ఈ కిటుకు తనకొక్కడికే తెలుసని ఆయన ధీమా.

అలాంటి మనిషి ఫోనులో కూతురు చెల్లింపుల యాప్ పెట్టింది. కారణం కుట్టుమిషను. పాత మిషను తొక్కీ తొక్కీ భార్య మోకాళ్లు అరిగిపోయాయి. కరెంటు మిషను ఆ రోజు వస్తోంది, అమ్మేవాళ్లు చెక్కులు తీసుకోరు. ఆవిడ పొద్దున్నే కిటికీ పక్కన చోటు ఊడ్చి, పాత మిషనుకు గుడ్డ కప్పి, వీధిలోకి చూస్తూ కూర్చుంది.

మిషను తెచ్చే వ్యాను కంటే ముందు గుడ్డల వ్యాపారి వచ్చాడు. "అన్నగారూ, పోయిన నెల తానుల డబ్బు. చెక్కు వద్దులెండి, ఫోనులో కొట్టేయండి."

యజమాని ఫోనుని ఎగాదిగా చూశాడు. దీనికి తోక ఎక్కడ కత్తిరించాలి? ఆలోచించి, రహస్య సంఖ్యలో చివరి అంకె కావాలనే తప్పు నొక్కాడు.

"అయ్యో, పోలేదండీ. వారం ఆగి చూద్దాం."

"వారమెందుకు? మళ్లీ కొట్టండి" అంటూ వ్యాపారి కుర్చీ లాక్కున్నాడు.

మళ్లీ తప్పే కొట్టాడు. వ్యాపారి కదల్లేదు. మూడోసారికి తెర ఎర్రబడి, రేపటిదాకా చెల్లింపులు కుదరవని చెప్పింది. యజమానికి లోలోపల హాయిగా అనిపించింది. "చూశారా, నా చేతిలో ఏముంది చెప్పండి" అన్నాడు.

అప్పుడే బయట వ్యాను ఆగింది.

మిషను తెచ్చినవాడు పెట్టె దించి, "డబ్బు కొట్టేయండి సార్, బిగించేస్తాను" అన్నాడు. యజమాని చెక్కుపుస్తకం తీశాడు. చెక్కు రాసిస్తానన్నాడు. "తీసుకోం సార్. లేదంటే పెట్టె మళ్లీ వ్యానెక్కాల్సిందే."

సంగతి విని భార్య దగ్గరికొచ్చింది. "మూడుసార్లూ తప్పు నొక్కారా? ఆ సంఖ్య మన పెళ్లి తేదీ కదండీ. మర్చిపోయారా?"

నిజం చెబితే వ్యాపారి ముందు పరువు పోతుంది, చెప్పకపోతే ఇంట్లో పోతుంది. ఆవిడ వెళ్లి పాత మిషను మీద గుడ్డ తీయసాగింది. అది చూడగానే ఆయన మనసు చివుక్కుమంది.

"గుర్తుందే. కావాలనే తప్పు కొట్టాను" అన్నాడు తల వంచుకుని. "చెక్కుల్లో తోక ఎగ్గొట్టినట్టే."

వ్యాపారి నవ్వాడు. "తెలుసు అన్నగారూ. మీ చెక్కు రాగానే మా గుమాస్తా ముందు తోకే చూస్తాడు."

నవ్వుతూనే తన ఫోను తీసి మిషను డబ్బు కట్టేశాడు. "నా బాకీ, ఇదీ కలిపి చెక్కు రాయండి. తోకతో సుమా."

యజమాని సిగ్గుతో, కృతజ్ఞతతో సంతకం చేసి, తోకను కాగితం అంచుదాకా లాగాడు. సాయంత్రానికి కొత్త మిషను గుయ్యిమంటుంటే, భార్య కాళ్లు చాపుకుని పరదా కుడుతోంది. ఆయన పక్కన కూర్చుని దారం అందిస్తున్నాడు.

వారం తర్వాత ఆ చెక్కు తిరిగొచ్చింది. తోక మరీ పొడుగుగా ఉంది, సంతకం కలవలేదని బ్యాంకు రాసింది.