సౌండ్ కార్డు లేని ప్రధానం

ఆ ఆదివారం రామచంద్రమూర్తి మాస్టారి కార్యక్రమం చాలా మామూలుది. ఐదింటికి లేచి స్నానం, ఏడింటికి నాలుగు ఇడ్లీలు, ఎనిమిదిన్నరకు కల్యాణ మండపం, తొమ్మిదిన్నర నుంచి పాటలు, పది నలభైకి కూతురు శ్రీదుర్గకు ప్రధానం. ఇందులో ఎవరి గుండైనా ఆగే విషయం ఉందా? లేదు. కాకపోతే ఆ పాటలు వేసేది మాస్టారే. ఈ మాట ముందే చెప్పి ఉంటే చోడవరంలో సగం మంది పక్కనున్న గోడ పట్టుకునేవారు.

ఎందుకంటే ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పిన ఈ మనిషికి మైకుసెట్టు అంటే జన్మవైరం. పరీక్షల రోజుల్లో ఎక్కడ పాట వినిపించినా పోలీసుస్టేషనుకి అర్జీ పట్టుకుని బయల్దేరేవారు. వినాయకచవితి ఊరేగింపు వాళ్ళు ఆయన వీధిలోకి రాగానే బాక్సులు ఆపేసి, మలుపు తిరిగాక మళ్ళీ మొదలెట్టేవారు. రిటైరై మూడేళ్ళయినా ఆ అలవాటు వాళ్ళకి పోలేదు. అలాంటి మనిషిని శ్రీదుర్గ ఒకే ఒక్కటి అడిగింది, ప్రధానానికి డీజే పెట్టించమని. కంఠంలో ప్రాణం ఉండగా కుదరదన్నారు ఈయన. ఆ పిల్ల సరేనని, ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడడం మానేసింది.

ముగ్గురే ఉన్న ఇంట్లో ఒకరు మాట్లాడకపోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మంచినీళ్ళు కావాలన్నా, ఫ్యాను తగ్గించాలన్నా శ్రీదుర్గ వాళ్ళమ్మ సీతామహాలక్ష్మితో చెప్పేది, ఆవిడ మాస్టారితో చెప్పేది. ఆయన పక్క కుర్చీలోనే ఉండేవారు. మూడు వారాలు గడిచేసరికి మాస్టారికి అన్నం సయించడం మానేసింది. డీజేవాడిని పిలవనని అన్న మాట తప్పకూడదు, పిల్ల ముచ్చటా తీరాలి. దారి ఒక్కటే కనిపించింది, తనే నేర్చుకోవడం. శ్రీదుర్గకు తెలియకుండా, భార్యతో, కాబోయే అల్లుడితో మాత్రం చెప్పి, మేడమీద గదిలో తలుపేసుకుని మొదలెట్టారు.

దీనికి లాప్‌టాప్ ఒకటి ఉంటే చాలదని మొదటిరోజే తెలిసింది. కంట్రోలర్ అని ఇంకో పెట్టె కావాలి. పాటల్ని చేత్తో తిప్పడానికి రెండు గుండ్రటి పళ్ళేలు, వాటి మధ్య బోలెడు గుండీలు, జారుడు మీటలు ఉంటాయి దానికి. మాస్టారు వీడియోలన్నీ చూసి, కొత్తవాళ్ళకి పనికొచ్చే చవకరకాలు ఏడింటిని ఏరి, గ్రాఫు కాగితం మీద పట్టిక గీశారు. బరువు, గుండీల లెక్క, తీగ పొడవు, వారంటీ, ధర, అన్నిటికీ గళ్ళు ఉన్నాయి. సౌండ్ కార్డుకి మాత్రం గడి లేదు. లాప్‌టాప్‌కే శబ్దం వస్తుంటే ఇంకో కార్డు దండగని ఆయన అభిప్రాయం.

ఆ పట్టిక పట్టుకుని వడ్డాది రోడ్డులో సౌండ్ బాక్సులు అద్దెకిస్తూ, డీజే సామాను కూడా అమ్మే ఉదయ్‌కుమార్ దగ్గరకి వెళ్ళారు. ఉదయ్‌కుమార్ ఆయన పాత శిష్యుడే. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా మాస్టారు గుమ్మంలోకి రాగానే చేతిలో టీ గ్లాసు బల్ల కింద దాచేశాడు. పట్టిక అంతా చదివి, అన్నిటికంటే చవకదాని మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఇది వద్దు సార్. దీన్లో సౌండ్ కార్డు లేదు. జనానికెళ్ళే పాట ఒక దార్లో ఎల్లాలండి, తర్వాత వెయ్యబోయే పాట మీ చెవిలోకి ఇంకో దార్లో రావాల. ఆ రెండు దార్లూ ఇచ్చేదే సౌండ్ కార్డు. ఈ రెండోదాన్లో లోపలే ఉంటాది, కాస్త రేటెక్కువ. అంత పెట్టలేనంటే ఇదే కొని, బయట సౌండ్ కార్డు ఒకటి తగిలించుకోండి."

ఇంత శుభ్రంగా, ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాడిని నేనింతవరకూ చూడలేదు. మాస్టారు ఏం చెయ్యాలి? వినాలి. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఒరే, టెన్తులో ఫిజిక్సు ఎన్నిసార్లు రాసేవురా నువ్వు?" అని అడిగారు. మూడుసార్లండి అన్నాడు ఉదయ్‌కుమార్. మూడోసారైనా పాసయ్యావా అని అడిగితే లేదండి అన్నాడు. మరి కరెంటు ఎటు పోతుందో నాకు చెబుతావేట్రా అని చవకదే కొని, దాంతోపాటు ఒక చివర రెండుగా చీలిన వైరు ఒకటి తీసుకున్నారు. ఒక తీగను రెండు చేస్తే రెండు వైపులా అదే వెళ్తుందని వెళుతూ వెళుతూ పాఠం కూడా చెప్పారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజమే కొంప ముంచింది.

ఇంట్లో సాధన చేసినన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే అక్కడున్నవి హెడ్‌ఫోన్లు మాత్రమే. ఇబ్బందికి విత్తనం ఆదివారం పొద్దున్న ఇడ్లీ పళ్ళెం ముందు పడింది. పెళ్ళికొడుకు సూర్యతేజ, శ్రీదుర్గకు ఇష్టమైన పాటలు ఏరి మాస్టారి ఫోనుకి పంపాడు. మాస్టారు తీరుబడి లేక ఫోనులో ఉన్న ఆడియో మొత్తం లాప్‌టాప్‌లోకి ఎక్కించేశారు. ఆ ఫోను ప్రతి కాల్‌నీ తనంతట తనే రికార్డు చేస్తుంది. గ్యాసు బండ విషయంలో ఎవరో మాట మార్చారని రెండేళ్ళ కింద ఆయనే అలా పెట్టుకుని మరిచిపోయారు. పాటలూ కాల్సూ కలిసిపోయాయి, అన్నిటికీ పేర్ల బదులు అంకెలే.

తొమ్మిదింటికి మాడుగుల నుంచి పెళ్ళికొడుకువాళ్ళు దిగారు. గణపతిరావుగారు చెరకు రైతు, నెమ్మదస్తుడు. ఆయన భార్య ఝాన్సీగారు నెమ్మదస్తురాలు కాదు. ఆ ఇంట్లో ట్రాక్టరు కూడా ఆవిడ సరేనంటేనే స్టార్టవుతుందని చెప్పుకుంటారు. చీర, పసుపు కుంకుమ, పూలు, పళ్ళు, స్వీట్లు, పదకొండు ప్రధానం పళ్ళేలు తెచ్చి వేదిక మీద వరసగా పెట్టించారు. ఆ పళ్ళేలు పెళ్ళికూతురి చేతికి వెళితే సంబంధం ఖాయం. వెనక్కి కారెక్కితే ఇక చెప్పేదేముంది.

మండపం మూల ఉదయ్‌కుమార్ మనిషెత్తు బాక్సులు రెండు నిలబెట్టాడు. మాస్టారు ఆ చీలిక వైరులో ఒక కొసని బాక్సులకి, ఇంకో కొసని తన హెడ్‌ఫోన్లకి తగిలించుకున్నారు. అది చూసి ఉదయ్‌కుమార్ ఏదో అనబోయి, మూడుసార్ల సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

మొదటి పాట మోగింది. రెండువందల మంది ఒక్కసారి తలలు తిప్పారు. చెవులకి హెడ్‌ఫోన్లు, కళ్ళకి కళ్ళజోడు, భుజాన కండువా, చేతి కింద తిరుగుతున్న పళ్ళెం. పాత విద్యార్థులైతే నోళ్ళు తెరిచి అలాగే ఉండిపోయారు. సగం అల్లిన జడతో శ్రీదుర్గ గదిలోంచి బయటికొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. దాదాపు నెలన్నర తర్వాత కూతురు తనవైపు సూటిగా చూడడం మాస్టారు గమనించారు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. రెండో పాట దీన్ని మించిపోవాలనుకున్నారు.

దాన్ని వెతకడానికి, రాబోయే పాట మాత్రమే చెవిలో వినబడేలా గుండీని చివరిదాకా తిప్పారు. తెరమీద మొదటి పాట తిరుగుతూనే ఉంది, జనం అదే వింటున్నారని ఆయన ధీమా. దారి ఒక్కటే ఉన్నప్పుడు ఆయన చెవిలో ఏది పడితే బాక్సుల్లోంచీ అదే వస్తుందన్న సంగతి తట్టలేదు. హాల్లో పాట ఠక్కున ఆగింది. మనిషెత్తు బాక్సుల్లోంచి సీతామహాలక్ష్మిగారి గొంతు వచ్చింది.

"ఏవండీ, మాడుగుల నుంచి పంపిన హల్వా డబ్బా ఏం చెయ్యమంటారు? చాకు దిగడం లేదండీ. ఝాన్సీగారు స్వయంగా చేసేరట, ఆవిడ చేతులకో దండం. పనమ్మాయికిస్తే మర్నాడు డబ్బాతో సహా తెచ్చిచ్చేసింది."

హల్వాకి పేరుపడ్డ మాడుగుల మనిషిని ఇంకేమన్నా అనండి, పడుతుంది. హల్వా చెయ్యడం రాదంటారా? అదీ పెళ్ళికొడుకు తల్లిని, అదీ రెండువందల మందిలో? హాలంతా కొయ్యబారింది. వేదిక మీద సీతామహాలక్ష్మిగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఝాన్సీగారు మెల్లగా లేచి, పమిట బిగించి, పళ్ళేలు కారులో పెట్టమని తనవాళ్ళకి సైగ చేశారు. మొదటి పళ్ళెం లేచింది. సూర్యతేజ అమ్మా అమ్మా అంటూ అడ్డం వెళితే ఆవిడ కన్నెత్తి చూడలేదు. శ్రీదుర్గ గది గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఇంత జరుగుతున్నా మాస్టారికి తెలియదు, చెవులు మూసి ఉన్నాయి, కళ్ళు తెరకి అతుక్కుని ఉన్నాయి. ఇది పాట కాదు, మా ఆవిడ కాల్ అనుకుని ఇంకో అంకె కోసం వెతుకుతున్నారు. సీతామహాలక్ష్మిగారు వేదిక మీంచి రెండు చేతులూ పైకెత్తి ఆపమని ఊపారు. మాస్టారు నవ్వి, తలూపి, సౌండు ఇంకా పెంచారు. ఉదయ్‌కుమార్ వైరు పీకేద్దామని పరిగెత్తుకొచ్చాడు. వీడెవడు నా కంట్రోలర్ ముట్టుకోడానికని మాస్టారు వేలు చూపించి గదిమారు. "అక్కడే నిలబడు. చేతులు కట్టుకో."

ఉదయ్‌కుమార్ చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. ఎంత దారుణమో చూడండి, ఆ హాలు మొత్తంలో ఆ వైరు సంగతి తెలిసినవాడు వాడొక్కడే.

మాస్టారు తర్వాతి అంకె నొక్కారు. ఏడు పళ్ళేలు గుమ్మం దాకా వెళ్ళిపోయాయి. ఎనిమిదోది లేస్తుండగా బాక్సుల్లోంచి మగగొంతు వచ్చింది, గుసగుసే గాని ఆ సౌండుకి కిటికీ అద్దాలు అదిరాయి.

"మాస్టారూ, గణపతిరావునండి. సిన్నగా మాట్లాడతన్నాను, మా ఆవిడ పెరట్లో ఉంది. రేపు మీ ఇంటికి హల్వా వస్తాదండి. కొన్నది కాదు, ఇంట్లో సేసింది. మొహమాటానికి తినకండి. పోయిన దీపావళికి నా పన్నొకటి దానికే ఊడిపోయిందండి. బస్సు కుదుపుకి ఊడిందని ఇంట్లో సెప్పేను."

మొదటిదానికి హాలు కొయ్యబారింది. దీనికి ఊపిరి తీసుకోవడం కూడా మానేసింది. గణపతిరావుగారు చేత్తో నోరు మూసుకున్నారు, లేని పన్ను కనబడకుండా కాబోలు. ఝాన్సీగారు గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, ఆయన ముందుకొచ్చి నిలబడ్డారు. ఆవిడ గొంతు పెంచలేదు. అదే అందరినీ ఎక్కువ భయపెట్టింది.

"బస్సు కుదుపుకని సెప్పేరు కదా నాకు? నేను ఆ డ్రైవర్ని సంవత్సరంపాటు తిట్టుకున్నాను." ఆవిడ తనవాళ్ళవైపు తిరిగారు. "పళ్ళేలు దించండి. ఈ మనిషెక్కిన కారు నేనెక్కను. వియ్యపురాలు వెనకన్నా ఉన్నమాట అంది, ఈయన ఏడాదై అబద్ధమాడతన్నాడు. ప్రధానం అయినదాకా నేనిక్కడే కూకుంటాను."

అని వెళ్ళి సీతామహాలక్ష్మిగారి పక్క కుర్చీలోనే కూర్చున్నారు. పళ్ళేలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. జనం తేరుకునే లోపు మూడో కాల్ మొదలైంది. ఈసారి మాస్టారి గొంతే, అంత మెత్తగా ఆయన మాట్లాడడం చోడవరంలో ఎవరూ ఎరగరు.

"ఉదయ్, మీ మాస్టారినిరా. ఎవరికీ చెప్పకు. మా అమ్మాయి నాతో మాట్లాడి ఇరవై రెండు రోజులైంది. పెళ్ళయి వెళ్ళిపోతే ఇంక మాట్లాడదేమోనని భయంగా ఉందిరా. ఆ డీజే ఏదో నేనే నేర్చుకుంటే బావుంటుందనిపిస్తోంది. ఈ వయసులో వస్తుందంటావా?"

తన గొంతు తనకే వినబడేసరికి మాస్టారికి కళ్ళు చెమర్చాయి. తుడుచుకుందామని కళ్ళజోడు తీయబోతే హెడ్‌ఫోన్లు అడ్డొచ్చాయి, వాటినీ తీశారు. అప్పుడు బాక్సుల్లోంచి ఉదయ్‌కుమార్ జవాబు హాలంతా మోగింది. "వస్తాదండి. నాకే వచ్చింది కదండి."

మాస్టారు బాక్సుల వంక చూశారు. వైరు వంక చూశారు. రెండువందల మొహాల వంక చూశారు. ఉదయ్‌కుమార్ వైపు తిరిగారు.

"ఒరే, ఇది ఎప్పటినుంచి వినబడుతోందిరా?"

"హల్వా కాడ నుంచండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"సేతులు కట్టుకోమన్నారు కదండి."

వాడింకా కట్టుకునే ఉన్నాడు. మాస్టారు భార్య వైపు చూడలేకపోయారు, వియ్యపురాలి వైపు అసలే చూడలేదు. తల వంచుకుని ఆ చీలిక వైరు పీకుతుంటే పక్కన గాజుల చప్పుడైంది. సగం జడతో, కారిపోయిన కాటుకతో శ్రీదుర్గ నిలబడి ఉంది.

"నాన్నా," అంది, "మంచినీళ్ళు కావాలి."

అమ్మతో కాదు, ఆయనతోనే అడిగింది. మాస్టారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. ఆ మనిషి పరిగెత్తడం కూడా చోడవరం చూడడం అదే మొదటిసారి. గ్లాసు తెచ్చేసరికి సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి, మిగతా సగం శ్రీదుర్గ ఏడుస్తూ, నవ్వుతూ తాగింది. పది నలభైకి పళ్ళేలు పదకొండూ ఆమె చేతిమీదుగా లోపలికి వెళ్ళాయి. పాటలు ఉదయ్‌కుమార్ వేశాడు.

సోమవారం పొద్దున్నే మాస్టారు వడ్డాది రోడ్డుకి వెళ్ళి, ఉదయ్‌కుమార్ ఏది చూపిస్తే ఆ సౌండ్ కార్డే మారుమాట లేకుండా కొన్నారు. జేబులోంచి ఒక తెల్లకాగితం తీసి, భౌతికశాస్త్రం, ముప్పై అయిదు, ఉత్తీర్ణుడు అని ఎర్రసిరాతో రాసి సంతకం చేసి ఇచ్చారు. వాడు దాన్ని ఫ్రేము కట్టించి బాక్సుల పైన తగిలించుకున్నాడు.

ఇక గణపతిరావుగారంటారా, ఆదివారం సాయంత్రమే మాడుగుల బస్సులో ఇంటికి వెళ్ళారు, మాస్టారింటి నుంచి ఝాన్సీగారు తెప్పించి ఇచ్చిన హల్వా డబ్బా ఒళ్ళో పెట్టుకుని.