చెంగలయ్య ఎత్తుకున్న పిల్ల

అదో పెద్ద అడవి. అందులో నేరేడు చెట్లున్న వైపంతా కోతులది. ఆ ఏడు జత కట్టే కాలం మొదలవుతుండగా ఆడకోతులన్నీ సభలో గొడవకి దిగాయి.

“ముచ్చట తీరగానే మగవాళ్లు కొమ్మ మారిపోతున్నారు. పిల్లల్ని మోసి మోసి మా నడుములు పడిపోతున్నాయి!”

నాయకుడు గండప్ప కోరలు చూపించి అందరినీ కూర్చోబెట్టాడు. పిల్లల్ని సాకిన అనుభవం లేని మగకోతికి ఇకమీదట జత లేదని ఉత్తర్వు వేశాడు. తనకి మాత్రం మినహాయింపు. నాయకుడికి అనుభవం పదవితోనే వస్తుందట.

అది విని చెంగలయ్య గుండె జారిపోయింది. కుర్రకోతుల్లో వాడే అందగాడు. నీలవేణి మీద ఎప్పట్నుంచో మనసు. కానీ చంటిపిల్లని ముట్టుకున్న పాపాన పోలేదు.

గెంతుకుంటూ అక్క వరాలు దగ్గరికి పోయాడు.

“అక్కా, నీ బుడ్డోణ్ణి ఒక్క పూట ఇవ్వవే. మేనమామని, ఆ మాత్రం హక్కు లేదా?”

“పుట్టినప్పుడు చూడ్డానికైనా రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చిందా మేనమామవని?” అంటూనే, తమ్ముడు మనసు మార్చుకునేలోగా వరాలు పిల్లని వాడి పొట్టకి తగిలించేసింది.

చెంగలయ్య సభకొచ్చాడు. బుడ్డోడు వాడి రొమ్ము మీది వెంట్రుకలు పిడికిట పట్టి లాగుతున్నాడు. నొప్పికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

“చూశారా, పిల్లని ఎత్తుకుంటే ఎలా కరిగిపోతున్నాడో!” అని అమ్మలక్కలు మురిసిపోయారు.

మెప్పంతా వాడికే పోతోందని గండప్ప ఒళ్లు మండి, చెయ్యెత్తి మీదికొచ్చాడు. బుడ్డోడు కీచుమన్నాడు. సభలోని తల్లులంతా ఒక్కసారి పళ్లు బయటపెట్టారు. ఎత్తిన చెయ్యి అలాగే వెళ్లి గండప్ప బుర్ర గోక్కుంది.

“ముద్దు చేద్దామనే వచ్చాను” అన్నాడు.

నీలవేణి చెంగలయ్య వైపు ఓరగా చూసి నవ్వింది. వాడి తోక నిటారుగా లేచింది.

గండప్ప ఊరుకుంటాడా? “ఇంతటి అనుభవజ్ఞుడు దొరకడం మన అదృష్టం. ఇతన్ని శిశు సంక్షేమ సంఘం అధ్యక్షుణ్ణి చేస్తున్నాను!”

చప్పట్లు ఆగకముందే తల్లులు తమ పిల్లల్ని అధ్యక్షుడికి తగిలించేశారు. మెడ మీద ఒకడు, వీపు మీద ఇద్దరు, తోకకి వేలాడుతూ ఇంకొకడు. తల్లులు హాయిగా నేరేడుపళ్లకి పోయారు.

పొద్దువాలాక చెంగలయ్య కాళ్లీడ్చుకుంటూ అక్క దగ్గరికెళ్లాడు. “నీ బిడ్డని తీసుకోవే తల్లీ!”

“నీకు బాగా మచ్చికయ్యాడురా. ఇప్పుడు విడదీస్తే బెంగ పెట్టుకుంటాడు” అని, వరాలు నేరేడు గింజ ఊసి అటు తిరిగి పడుకుంది.

మర్నాడు నీలవేణి వచ్చి, సిగ్గుపడుతూ పక్కన కూర్చుని మెడ వంచింది. “కాస్త పేలు చూస్తావా?”

చెంగలయ్య ఆత్రంగా చెయ్యి చాపాడు. ఆ వేలిని ఒకడు కొరికాడు. మరొకడు వీపు మీద తడిపాడు. ఇంకొకడు కొమ్మ మీంచి జారాడు.

“ఒక్క క్షణం, నీలవేణీ!”

ఆ క్షణం ఎంతకీ అవలేదు. నీలవేణి లేచి ఎదుటి కొమ్మకి పోయింది. అక్కడ పోతురాజనే ఇంకో కుర్రకోతి కాళ్లు చాపుకుని పడుకున్నాడు. జన్మలో పిల్లనెత్తుకోలేదు, సభ గడప తొక్కలేదు. పనేమీ లేదు గనక ఆమె మెడ మీది పేలన్నీ ఓపిగ్గా ఏరి, ఒక్కొక్కటే రుచి చూస్తూ తిన్నాడు.

“ఉత్తర్వు ఏమైనట్టు? వాడికేదీ అనుభవం?” చెంగలయ్య గొంతు చించుకున్నాడు.

నీలవేణి హాయిగా కళ్లు మూసుకుంది. “ఆయనకెందుకయ్యా అనుభవం? మాకు పుట్టబోయేవాళ్లని సాకడానికి నీ సంఘం ఉందిగా!”

నీతి: మంచి తండ్రని పేరు తెచ్చుకున్నవాడికి పిల్లల కొదవుండదు, తండ్రి కావడానికే తీరిక దొరకదు.