జపాన్ కంచె దగ్గర సెలవు హాజరు

ప్రభుత్వ ఉపాధ్యాయుడు భూమ్మీద ఎక్కడున్నా, ఉదయం తొమ్మిదింటికి ఆయన ముఖం ప్రభుత్వానిది. బడిలో ఉన్నవాళ్లు ఉన్నట్టు, సెలవులో ఉన్నవాళ్లు లేనట్టు 'ముఖదర్శిని' యాప్‌లో ముఖం చూపించి, అడిగినన్నిసార్లు కనురెప్పలు ఆడించాలి. (సెలవు పెట్టి దొంగచాటుగా బడికొచ్చి పాఠాలు చెప్పే ప్రమాదం ఉందని నిపుణుల సంఘం తేల్చింది.)

శాంతికుమార్ మాస్టారు చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో సైన్సు చెబుతారు. పదో తరగతిలో ఉండగా ఓ పాత పత్రికలో చూసిన జపాన్ వాళ్ల నీలం యుద్ధవిమానం, ఎఫ్-2, ఆయన బుర్రలోంచి దిగలేదు. ఇల్లు కట్టమని బంధువులు, కారు కొనమని తోటి మాస్టార్లు పోరుపెట్టినా వినకుండా, అది ఎగురుతుంటే ఒక్కసారి కళ్లారా చూడాలని జపాన్ బయలుదేరారు. తోడు చిన్ననాటి స్నేహితుడు, సాలూరు లారీ ఓనరు దేవేంద్ర. అనుమతి ఇస్తూ హాజరు పర్యవేక్షణాధికారి ధనలక్ష్మిగారు ఒక్కటే షరతు పెట్టారు.

"తొమ్మిదికి ముఖం పడకపోతే సెలవు రద్దయిపోతాది మాస్టారూ. ఇంక్రిమెంటు ఆగిపోతాది."

"జపాన్లో అప్పటికి మద్దేన్నమైపోతాదండి."

"అది జపానోళ్ల తప్పు. మనకేటి?"

మొదటి వైమానిక స్థావరం దగ్గర రవాణా విమానాలు దిగాయి. దేవేంద్ర వాటి చక్రాలు లెక్కపెట్టి, "ఎన్ని టన్నులు లాగుతాది మావా?" అని మాత్రం అడిగాడు. రెండో చోట వాన. మధ్యలో బుల్లెట్ రైల్లో మాస్టారు ఫోన్‌కేసి అదేపనిగా కళ్లార్పుతుంటే పక్క సీటావిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది. హాజరు మాత్రం పడింది.

ఆఖరి రోజు మూడో స్థావరం. ఎండ కాసింది. కంచె వెంబడి జపాన్ విమానప్రియులు తలా ఒక చిన్న నిచ్చెన వేసుకుని, కెమెరాలతో బుద్ధిగా నిలబడ్డారు. (ఇదే కెమెరాతో మన కంచె పక్కన నిలబడితే మధ్యాహ్నం భోజనం పోలీస్ స్టేషన్‌లోనే.) ఒక పెద్దాయన వంగి దణ్ణం పెట్టి, తన నిచ్చెన మాస్టారికి ఇచ్చారు. పొందూరు ఖద్దరు జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని మాస్టారు నిచ్చెనెక్కారు. రన్‌వే చివర నీలం రంగు కదిలింది. ఆయన గుండె ఝల్లుమంది. జేబులో ఫోన్ మోగింది.

'వెలుతురు వైపు తిరగండి' అంది యాప్. వెలుతురు రన్‌వేకి ఎదురుగా ఉంది. మాస్టారు ఇంక్రిమెంటు తలుచుకుని వెనక్కి తిరిగారు.

'కళ్లు మూసి తెరవండి. ఇంకోసారి. నెమ్మదిగా.'

ఒళ్లు అదిరిపోయే మోత ఒకటి ఆయన వీపు మీదుగా పోయింది. తిరిగి చూసేసరికి కిరసనాయిలు వాసన, ఖాళీ ఆకాశం. నిచ్చెన మీద నిలబడే ఏడ్చేశారు.

"సూసేసినాను మావా," అన్నాడు దేవేంద్ర. "బాగున్నాది. డ్రైవరొక్కడే, క్లీనరు లేడు."

ఫోన్‌లో సందేశం: 'మీ చెవి వెనక అదనపు వస్తువు ఉంది. చిత్రం పరిశీలనకు పంపబడింది.' ఆ చిత్రం ఆయన ఫోన్‌లో మిగల్లేదు. అలా మిగలకూడదని రూలు.

తిరిగొచ్చిన మర్నాడే మాస్టారు పర్యవేక్షణ విభాగానికి పరిగెత్తారు.

"సూసినాను మాస్టారూ," అన్నారు ధనలక్ష్మిగారు ఆప్యాయంగా. "మీ చెవెనకాల ఇమానం ఎంత బాగున్నాదో. ఆపీసంతా సూసింది. టీ కుర్రోడు కూడా సూసినాడు."

"నాకోపాలి సూపించండి మేడం. దాని కోసమే యెల్లినాను."

"మిలట్రీది కదండీ. బయటోళ్లకి సూపించకూడదు." ఆవిడ కంప్యూటరు తెర తనవైపు తిప్పుకున్నారు. "ఇంకోటి. ఇందులో మీ కళ్లు మూసుకుపోయున్నాయి. ముఖం చెల్లదు."

రికార్డు ప్రకారం ఆ రోజు శాంతికుమార్ మాస్టారు బడికీ రాలేదు, సెలవులోనూ లేరు. హాజరు విమానానికి పడింది.